పర్లాకిమిడి కేబుల్ నెట్‌కి ఫ్రీ మానిటరింగ్: డ్యూడ్ చాలా, జాబిక్స్ కావాలా?

పర్లాకిమిడి_ఫైబర్:

అందరికీ నమస్కారం. నాన్నగారి కాలం నుంచి పర్లాకిమిడిలో కేబుల్ టీవీ నడుపుతున్నాం. ఇప్పుడు ఇంటర్నెట్ కూడా ఇస్తున్నాం. మెయిన్ రౌటర్ మైక్రోటిక్ కంపెనీది, ఇళ్లకి ఫైబర్ పంచే జీపాన్ ఓఎల్‌టీ పెట్టెలు రెండు, కాశీనగర్ వైపు, గుమ్మ వైపు స్విచ్‌లు. లింక్ పడిపోతే మాకంటే ముందు కస్టమర్‌కే తెలుస్తోంది. ఫోన్ల మీద ఫోన్లు. అప్పుడు బండేసుకుని స్తంభం స్తంభం చూసుకుంటూ పోవాలి.

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే పరిస్థితి లేదు. లింక్ పోగానే మాకు చెప్పే మానిటరింగ్ టూల్ ఫ్రీగా కావాలి. మైక్రోటిక్ వాళ్ల డ్యూడ్ పెట్టేద్దాం, అరగంట పని అంటాడు మా పార్ట్‌నర్. నేను జాబిక్స్ అంటున్నాను. విశాఖలో ఉన్న మా బావ ఆ రెండూ వద్దు, పీఆర్‌టీజీ ఫ్రీ వెర్షన్ పెట్టుకోమంటాడు. రోజూ ఇదే పంచాయితీ. వాడినవాళ్లు చెప్పండి.

జయపురం_నెట్:

మీ పార్ట్‌నర్ చెప్పిందే సరైనది. చేతిలో మైక్రోటిక్ ఉండగా వేరేదాని కోసం వెతకడం ఎందుకు? హెక్స్ ఆర్‌బీ750జీఆర్3 లాంటి చిన్న రౌటర్‌లో కూడా డ్యూడ్ సర్వర్ నడుస్తుంది, మైక్రో ఎస్‌డీ కార్డు వేస్తే చాలు. లినక్స్ అక్కర్లేదు, డేటాబేస్ అక్కర్లేదు. ఐపీ రేంజ్ ఇస్తే తనే వెతికి మ్యాప్ గీస్తుంది. పోయింది ఎర్రగా కనిపిస్తుంది. మా ఆఫీసులో పది పాసైన కుర్రాడు ఆ మ్యాప్ చూసి ఏ ఊరి లింక్ పోయిందో టక్కున చెప్పేస్తాడు.

పీఆర్‌టీజీ మంచి సాఫ్ట్‌వేరే, కాదనను. కానీ 100 సెన్సార్ల వరకే ఫ్రీ. స్విచ్‌లో ఒక్కో పోర్టు ట్రాఫిక్‌కి ఒక్కో సెన్సార్ పోతుంది. 24 పోర్టుల స్విచ్‌లు నాలుగు చూస్తే 96 అయిపోయాయి. పైగా విండోస్ మెషీన్ కావాలి.

బరంపురం_లినక్స్:

జయపురం అన్నా, మ్యాప్ బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ డ్యూడ్‌కి డబ్బు తీసుకోరు తప్ప దాని సోర్స్ కోడ్ మన చేతికి రాదు. కంపెనీ ఆపేస్తే అక్కడితో సరి. కోడ్ అందరికీ తెరిచి ఉన్న నాగియోస్ అనే మానిటరింగ్ టూల్ సంగతి చూడండి. 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలైంది, తర్వాత నాగియోస్ అయింది. అది సాగుతున్న తీరు నచ్చనివాళ్లు 2009లో అదే కోడ్ తీసుకుని ఐసింగా మొదలుపెట్టారు. అబ్జర్వియం అనే ఇంకో టూల్ లైసెన్స్ మారాక, అందరూ వాడుకోగల దాని పాత జీపీఎల్ కోడ్ నుంచి 2013లో లిబ్రెఎన్‌ఎమ్‌ఎస్ వచ్చింది. వాడేవాళ్లు ఎక్కడా రోడ్డున పడలేదు. కోడ్ అందరి చేతిలో ఉండటం వల్లే అది కుదిరింది.

నా ఓటు ఆ లిబ్రెఎన్‌ఎమ్‌ఎస్‌కే. ఒక్క స్విచ్ ఐపీ, ఎస్‌ఎన్‌ఎమ్‌పీ కమ్యూనిటీ (పరికరం లెక్కలు చదవడానికి పాస్‌వర్డ్ లాంటి మాట) ఇవ్వండి. స్విచ్‌లు పక్కవాటికి తమ గురించి చెప్పుకునే ఎల్‌ఎల్‌డీపీ, సీడీపీల ద్వారా పక్క స్విచ్‌లను అదే పట్టుకుంటుంది. పోర్టులన్నిటికీ గ్రాఫులు వాటంతటవే వస్తాయి. జాబిక్స్‌లో టెంప్లేట్లు, ఐటెమ్‌లు, ట్రిగ్గర్లు అంటూ నేర్చుకునేసరికి వానాకాలం వచ్చేస్తుంది.

ఏ టూల్ పెట్టినా ఇది మాత్రం చూడండి. పాత పద్ధతిలో పోర్టు దాటిన బైట్లు లెక్కపెట్టే కౌంటర్ 32 బిట్లే. అంటే సుమారు 429 కోట్ల బైట్లు దాటగానే మళ్లీ సున్నా నుంచి లెక్క. గిగాబిట్ లింక్ నిండుగా నడుస్తుంటే అది 34 సెకన్లలో తిరిగిపోతుంది. మనం చదివేదేమో 5 నిమిషాలకోసారి. మధ్యలో ఎన్నిసార్లు తిరిగిందో టూల్‌కి ఎలా తెలుస్తుంది? సాయంత్రం లింక్ గొంతు దాకా నిండిపోయి ఉంటే గ్రాఫ్‌లో ఖాళీగా కనిపిస్తుంది. అది నమ్మి బ్యాండ్‌విడ్త్ కొనకుండా ఊరుకుంటారు, కస్టమర్ వెళ్లిపోతాడు. 64 బిట్ల కౌంటర్లు చదవాలి. ఎస్‌ఎన్‌ఎమ్‌పీ వెర్షన్ 1లో అవి రావు, కనీసం 2సీ పెట్టాలి.

జయపురం_నెట్:

తమ్ముడూ, కోడ్ చేతిలో ఉంటే ఎవరు చదువుతారు? పర్లాకిమిడిలో లినక్స్ సర్వర్ అప్‌డేట్ చేసే మనిషి దొరకాలి కదా. ఆ మనిషి బెంగళూరు వెళ్లిపోతే సర్వర్ గతేంటి?

రాయగడ_నోక్:

జయపురం గారి ప్రశ్న అసలైన ప్రశ్న. నేను జాబిక్స్ వైపే ఉన్నా ఆ మాటకి జవాబు చెప్పకుండా ముందుకి పోలేను. టూల్ పెట్టేవాడిని చూసి కాదు, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేవాడిని చూసి ఎంచుకోవాలి. మన దగ్గర ఆ ఫోన్ ఎత్తేది ఎవరు? లైన్‌మన్. గుణుపురం వైపు మా లైన్‌మన్ చదివేది ఒడియా. తెలుగు గలగలా మాట్లాడతాడు, లిపి రాదు. ఇంగ్లీషులో పెద్ద మెసేజ్ వస్తే పొద్దున్న చూద్దాంలే అని పడుకుంటాడు. ఇప్పుడు జాబిక్స్ మెసేజ్ టెంప్లేట్‌లో స్తంభం గుర్తు, ఊరి పేరు, ఏం పట్టుకెళ్లాలి అన్నీ ఒడియాలో రాసి టెలిగ్రామ్‌కి పంపుతున్నాం. చదివి నేరుగా అక్కడికే వెళ్తాడు.

రెండో సంగతి. మెయిన్ స్విచ్‌కి కరెంటు పోతే దాని వెనకున్నవన్నీ ఒకేసారి డౌన్ అంటాయి. ఫోన్ నిండా అలర్ట్‌లే. నాలుగు రోజులు అలా మోగితే ఎవరైనా సైలెంట్‌లో పెట్టేస్తారు, ఇక మానిటరింగ్ ఉన్నా లేనట్టే. జాబిక్స్‌లో ట్రిగ్గర్ డిపెండెన్సీ (ఒక అలర్ట్ ఇంకోదాని మీద ఆధారపడేలా కట్టడం) పెడితే పై స్విచ్ పోయినప్పుడు దాని గురించి ఒక్క మెసేజే వస్తుంది. లిబ్రెఎన్‌ఎమ్‌ఎస్‌లోనూ పరికరానికి పేరెంట్ పెట్టుకోవచ్చు, నాగియోస్‌లో ఎప్పటినుంచో ఉంది. ఏది పెట్టినా మొదటి రోజే చేయాల్సిన పని ఇది.

మూడోది, ఫైబర్ పవర్, అంటే ఇంటికి చేరే వెలుగు బలం. నేను జాబిక్స్‌ని వదలనిది దీని కోసమే. క్లాస్ బీ ప్లస్ జీపాన్‌లో ఇంట్లో ఉండే ఓఎన్‌యూ పెట్టె మైనస్ 27 డీబీఎం దాకా వెలుగు పట్టుకోగలదు (మైనస్ అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గినట్టు). మైనస్ 21 దగ్గర ఉన్న కనెక్షన్ మెల్లగా 23, 24, 26కి జారుతుంటే, పరికరం పలుకుతోందా అని మాత్రమే చూసే పింగ్‌కి ఏమీ తెలియదు, లింక్ అప్ అనే చెబుతుంది. జాయింట్ బాక్సులోకి నీళ్లు చేరి ఉంటాయి, లేదా స్తంభం దగ్గర కేబుల్ మడత పడి ఉంటుంది. ఒక్క ఇల్లే జారితే ఆ ఇంటి డ్రాప్ వైరు చూడాలి. ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి చీల్చే స్ప్లిట్టర్ కింద ఇళ్లన్నీ కలిసి జారితే స్ప్లిట్టర్ దగ్గరికే వెళ్లాలి. స్తంభం స్తంభం వెతికే పని అక్కడ తప్పుతుంది.

ఓఎల్‌టీ ఆ విలువని ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఇస్తుంది. మైనస్ 21.50 అని కాకుండా మైనస్ 2150 అని వస్తే జాబిక్స్‌లో 0.01తో గుణించమని ఒక చోట రాస్తే సరిపోతుంది. కొత్త ఓఎన్‌యూ చేరితే లో లెవెల్ డిస్కవరీ దాన్ని తనే లిస్టులోకి తీసుకుంటుంది. డ్యూడ్‌లో కూడా ఓఐడీ (ఆ విలువ దొరికే చిరునామా లాంటి నంబరు) చదివించవచ్చు, కానీ వందల ఇళ్లకి చేత్తో పెట్టుకుంటూ కూర్చోలేం.

ఇక మనిషి వెళ్లిపోతే ఎలా అంటారా? కాన్ఫిగరేషన్ ఎక్స్‌పోర్ట్ చేసి, డేటాబేస్ బ్యాకప్ తీసి, ఇద్దరికి నేర్పండి. ఒక్కరికే తెలిసిన టూల్ ఏదైనా ప్రమాదమే, డ్యూడ్ అయినా సరే.

బరంపురం_లినక్స్:

ఓఎల్‌టీ విషయంలో మీరు చెప్పింది నిజం. లిబ్రెఎన్‌ఎమ్‌ఎస్‌కి తెలియని ఓఎల్‌టీ అయితే దాన్ని ఎలా చదవాలో మనమే వైఏఎమ్‌ఎల్ ఫైల్‌లో రాసుకోవాలి, అందరివల్లా కాదు. కానీ జాబిక్స్ డేటాబేస్ ఉబ్బిపోతుంది అన్నా. ప్రతి ఓఎన్‌యూనీ నిమిషానికోసారి చదివిస్తే చిన్న డిస్క్ ఎంతకాలం ఆగుతుంది? లిబ్రెఎన్‌ఎమ్‌ఎస్ లెక్కలు దాచేది ఆర్‌ఆర్‌డీ ఫైళ్లలో, ఫైల్ సైజు మొదటి రోజు ఎంతో ఏడాది తర్వాతా అంతే.

రాయగడ_నోక్:

పవర్‌ని నిమిషానికోసారి చదవక్కర్లేదు, గంటకోసారి చాలు. నెమ్మదిగా జారేదాన్నే కదా పట్టుకోవాలి. పింగ్ నిమిషానికి, ట్రాఫిక్ 5 నిమిషాలకి పెట్టుకోండి. పూర్తి హిస్టరీ కొన్ని వారాలు ఉంచితే చాలు. గంట గంటకీ కనిష్ఠం, సగటు, గరిష్ఠం ట్రెండ్‌లలో విడిగా ఉంటాయి, ఏడాది గ్రాఫ్‌కి అవి సరిపోతాయి.

సిరొంచ_లింక్:

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నాను. మాది గోదావరికి ఇవతల, కాళేశ్వరానికి ఎదురుగా. మీ అందరి సర్వర్లూ ఆఫీసులోనే ఉన్నాయి కదా? ఆఫీసుకి కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా దిగిపోతే, లేదా జేసీబీ మెయిన్ ఫైబర్ తెంపేస్తే ఆ అలర్ట్ బయటికి ఎలా వస్తుంది? టెలిగ్రామ్‌కి వెళ్లే దారి కూడా ఆ ఫైబరే.

మాకు ఉన్నవి కొద్ది పరికరాలే. బయట ఇంటర్నెట్‌లో ఒక చిన్న సర్వర్ (వీపీఎస్) అద్దెకి తీసుకుని అప్‌టైమ్ కుమా అనే టూల్ పెట్టాం. పింగ్, పోర్టు, వెబ్‌సైట్ చూస్తుంది, టెలిగ్రామ్‌కి చెబుతుంది. ట్రాఫిక్ గ్రాఫులు దాని పని కాదు, మాకు అవి పెద్దగా అవసరం లేదు. మైక్రోటిక్ రౌటర్ఓఎస్ 7లో వైర్‌గార్డ్ వీపీఎన్ ఉంది కాబట్టి లోపలి స్విచ్‌లని కూడా బయటి నుంచి పింగ్ చేయొచ్చు. చిన్నవాళ్లకి జాబిక్స్ బరువు అనే నేనంటాను.

పర్లాకిమిడి_ఫైబర్:

సిరొంచ గారూ, మీ మాట సూటిగా తగిలింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. ఆ తర్వాత కరెంటు ఒక్కో వీధికి వస్తుంటే ఎక్కడ లైన్ బతికిందో, ఎక్కడ పోయిందో తెలియక నాన్నగారు రోజంతా తిరిగేవారు.

ఇదంతా పార్ట్‌నర్‌కి చదివి వినిపించాను. డ్యూడ్ మ్యాప్ ఆఫీసు గోడ మీద ఉండాల్సిందే అంటున్నాడు, తీసేయమని నేనూ అనను. ఫైబర్ పవర్ కోసం జాబిక్స్ పెడతాం, బయట ఒక కుమా. బావకి 100 సెన్సార్ల లెక్క చెప్పాను, ఇంకా ఒప్పుకోలేదు. రెండు ప్రశ్నలు. మెయిన్ ఫైబర్ పోయినప్పుడు జాబిక్స్ నుంచే ఎస్‌ఎమ్‌ఎస్ పంపవచ్చా? మొదట ఏం చేయాలి?

జయపురం_నెట్:

మూడు టూల్స్ నడపడం మీ ఇద్దరి వల్ల అవుతుందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. డ్యూడ్‌తో మొదలుపెట్టండి, అవసరం పడ్డాకే రెండోది. మీ నెట్‌వర్క్ మీ ఇష్టం.

బరంపురం_లినక్స్:

మానిటరింగ్ పెట్టాం కదా అని లాగ్‌లు (పరికరాలు రాసుకునే రికార్డులు) మర్చిపోవద్దు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, పరికరాల గడియారాలు ఎన్‌టీపీ (నెట్ ద్వారా వచ్చే టైమ్)తో సరిపోవాలి. అది ఈ టూల్స్‌తో తీరదు, లాగ్‌లు పోగుచేసే సిస్‌లాగ్ సర్వర్ విడిగా పెట్టుకోండి.

రాయగడ_నోక్:

పర్లాకిమిడి తమ్ముడూ, జాబిక్స్ నుంచి ఎస్‌ఎమ్‌ఎస్ పంపవచ్చు. సర్వర్‌కి జీఎస్‌ఎమ్ మోడెమ్ తగిలించి సిమ్ వేస్తే జాబిక్స్ నేరుగా ఎస్‌ఎమ్‌ఎస్ ఇస్తుంది. ఒడియా, తెలుగు లిపుల్లో ఒక ఎస్‌ఎమ్‌ఎస్‌కి 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషు అక్షరాల్లో 160. అందుకే ఎస్‌ఎమ్‌ఎస్‌లో ఊరి పేరు, డౌన్ అన్న మాట చాలు. వివరాలు టెలిగ్రామ్‌కి వదిలేయండి. సర్వర్, మోడెమ్, మెయిన్ రౌటర్ మూడూ ఒకే యూపీఎస్ మీద పెట్టండి. ఆ యూపీఎస్ కూడా దిగిపోతే సిరొంచ గారి కుమా బయటి నుంచి అరుస్తుంది.

మొదట చేయాల్సింది, ప్రతి స్విచ్‌లోనూ ఎస్‌ఎన్‌ఎమ్‌పీ కమ్యూనిటీ 'పబ్లిక్' అని ఉంటే మార్చేయడం. 2సీలో అది దాపరికం లేకుండా లైన్ మీద వెళ్తుంది, కాబట్టి జాబిక్స్ సర్వర్ ఐపీకి మాత్రమే జవాబిచ్చేలా కట్టేయండి. ఎస్‌ఎన్‌ఎమ్‌పీ వాడే యూడీపీ 161 పోర్టు ఇంటర్నెట్ వైపు తెరిచి ఉండకూడదు. వెర్షన్ 3 పట్టే స్విచ్‌లకి అదే పెట్టండి. టెంప్లేట్‌తో వచ్చే ట్రిగ్గర్లలో చాలావరకు ఆపేసి, పింగ్, ఫైబర్ పవర్ రెండే ఉంచండి. పవర్‌కి మైనస్ 25 దగ్గర హెచ్చరిక పెట్టండి. ఏ ఓఎల్‌టీ వాడుతున్నారో మోడల్ రాస్తే ఓఐడీలు వెతికి ఇక్కడే పెడతాను.