56 కుట్లు కాస్తా 63 అయ్యాయి, ఎక్కడ తప్పుతున్నాను?

కావలి_కోడలు
మా చెల్లెలికి కార్తీకంలో రెండో కాన్పు, బెంగళూరులోనే. అక్కడ చలి కదా అని బిడ్డకి చిన్న స్వెట్టర్ మొదలుపెట్టాను. వెనక భాగానికి 56 కుట్లు ఎక్కించి ముప్పై వరసలు అల్లాక చూస్తే ముక్క విసనకర్రలా విచ్చుకుంటోంది, లెక్కపెడితే 63! మూడుసార్లు మొత్తం విప్పేశాను, మళ్ళీ అదే. "ఆ బిడ్డ బడికి పోయేనాటికి అవుతుందిలే" అంటోంది మా అత్తమ్మ. సంచిలో ఒక టోపీ, మఫ్లరు, ఒంటి మేజోడు కూడా సగంలోనే ఉన్నాయి. నాకు చేతకాదని వదిలేయమంటారా?

ఒంగోలు_ఊలుఉండ
వదలడం తర్వాత, ముందు ముక్కని వెలుతురుకి పట్టి చూడమ్మా. మధ్యలో చిల్లులు ఉంటే ఊలు ముందువైపు ఉండగానే నిట్ (ఊలు వెనకవైపు ఉంచి వేసే మామూలు కుట్టు) వేసి ఉంటావు, అది సూది మీద చుట్టుకుని కొత్త కుట్టయింది. చిల్లుల్లేకుండా అంచులు మాత్రమే ఏటవాలుగా పోతుంటే తప్పు వరస మొదట్లో ఉంది. ముక్క తిప్పాక ఊలుని సూది పైనుంచి వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండు కాళ్ళూ, అంటే సూదికి అటూ ఇటూ ఉండే పోగులు, పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తుంది, రెండిట్లోనూ అల్లేస్తాం. నేను ఇలాగే ఒక మఫ్లరుని దుప్పటి చేశాను. నిట్ వరసలో ఊలు కిందికి వేలాడనిచ్చి, సూది కిందనుంచి వెనక్కి తీసుకో. ఇకనుంచి పది వరసలకోసారి మొద్దు సూదితో వేరే రంగు నూలుదారం కుట్లన్నిట్లోంచీ దూర్చి వదిలెయ్, తప్పు పడితే అక్కడిదాకా విప్పితే చాలు.

నెల్లూరు_నూలు
అన్నిసార్లు విప్పడం దేనికండీ, ఏడు కుట్లేగా, జంటలుగా కలిపి తగ్గించేస్తే పోలా? అసలు మీరు నమూనా ముక్క, అంటే చేతి బిగువు కొలిచే చిన్న ముక్క, అల్లారా? 10 సెంటీమీటర్లకి 22 కుట్లు పడాల్సిన చోట మీ చేతికి 26 పడితే, 56 కుట్లకి 25న్నర సెంటీమీటర్లు రావాల్సిన వెడల్పు 21న్నరే వస్తుంది. నా మొదటి స్వెట్టరు బొమ్మకి పెట్టాం.
సగంలో ఆగడం అంటారా, రోహిణి కార్తెలో నెల్లూరులో ఊలు ఒళ్ళో పెట్టుకుని ఎవరు కూర్చుంటారు! చెమట చేతికి ఊలు సాగదు, చెయ్యి బిగుస్తుంది. నేను ఎండాకాలమంతా నూలుదారంతో క్రోషా చేసి వానలు మొదలయ్యాకే ఊలు తీస్తాను. కాకపోతే నెలలు ఆపి మళ్ళీ పడితే చేతి బిగువు మారి ఆ వరస దగ్గర గీత గీసినట్టు తెలుస్తుంది, అందుకని ఆపితే ముంజేతి దగ్గరో భుజం దగ్గరో ఆపుతాను. సూది నంబరు, ఎన్నో వరసో చీటీ రాసి సంచిలో వెయ్యండి. నేను రాయక ఒక టోపీ సగం ఒక సైజు, సగం ఇంకో సైజు అయింది.

ఒంగోలు_ఊలుఉండ
తగ్గిస్తే కుట్లు సరిపోతాయిగానీ ఏటవాలు పోదు కదా! అది పక్క కుట్టేటప్పుడు ముడతపడుతుంది. విప్పాల్సిందే. విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటే కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టు. మెలిపెట్టకుండా పిండి నీడలో ఆరెయ్.

కావలి_కోడలు
మొదటి కుట్టేనక్కా! చిల్లు ఒక్కటీ లేదు. విప్పి మళ్ళీ ఎక్కించాను, 22 వరసలయ్యాయి, 56కి 56 ఉన్నాయి, రెండుచోట్ల ఎర్రదారం కూడా దూర్చాను. ఒంటి మేజోడు మాత్రం విప్పేశా, దానికి జత నావల్ల కాదు. భుజం దగ్గర తగ్గించేటప్పుడు మళ్ళీ వస్తాను.