అప్‌డేట్: ఫేస్‌లిఫ్టా ఫిల్లర్లా అని అడిగాను కదా
56 ఏళ్లు, దవడ దగ్గర చర్మం జారింది, బుగ్గలు లోపలికి పోయాయి, ఏది చేయించుకోను అని అడిగాను కదా, చెప్పిన అందరికీ చాలా థాంక్స్ అండీ. మొన్న ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించుకున్నా, ఆవిడ అద్దం చేతికిచ్చి మరీ చెప్పారు, ఫిల్లర్ అంటే ఇంజెక్షన్‌తో ఎక్కించే జెల్, అది గుంటని నింపుతుందే గానీ జారిన చర్మాన్ని పైకి లాగదు, దానికోసం ఎక్కువ ఎక్కిస్తే మొహం ఉబ్బినట్టు అయిపోతుందమ్మా అని. ఫేస్‌లిఫ్ట్ సర్జరీలో చర్మం ఒక్కటే కాదంట, దాని కింద స్మాస్ అనే పొరని కూడా బిగిస్తారంట. కానీ నాకు షుగర్ ఉంది, అది కంట్రోల్‌లో లేకపోతే గాయం మానడం కష్టం, అందుకే సర్జరీ ఇప్పుడే వద్దన్నారు. ప్రస్తుతానికి బుగ్గలకి మాత్రం హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్ చేయించుకున్నా, నచ్చకపోతే ఇంకో ఇంజెక్షన్‌తో కరిగించొచ్చు అన్నారు, ఆ మాటకే ధైర్యం వచ్చింది. రెండ్రోజులు కమిలింది, ఇప్పుడు బాగుంది. దవడ దగ్గర జారిన చర్మం మాత్రం అలాగే ఉంది, 3 నెలల షుగర్ టెస్ట్ వచ్చాక మళ్ళీ వెళ్తా.