ఆపేసిన బ్లాగు మళ్ళీ తెరుస్తున్నా. ఎవరికి జవాబివ్వాలి, ఎవరిని వదిలేయాలి?

బొబ్బిలి మాస్టారు:
నమస్కారం. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి, తెలుగు టైపు చేసుకునే లేఖిని సైట్లు నడిచిన రోజుల్లో మొదలుపెట్టిన బ్లాగొకటి ఉంది. 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణం తర్వాత దాని జోలికి పోలేదు.

ఆ రోజు పొద్దున మా వీధిలో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. నిలబడితే గ్రహణం పట్టినట్టు, పడిపోతే విడిచినట్టు. మర్నాడు అదే పళ్ళెం, అదే రోకలి అడిగి తెచ్చి మా వరండాలో నిలబెట్టి ఫొటో పెట్టాను. అడుగు చదునుగా ఉండి, బరువంతా సరిగ్గా ఆ అడుగు మీదే పడితే ఏ రోజైనా నిలబడుతుందని రాశాను. అంతే! "పెద్దలంతా పిచ్చోళ్ళా?", "మీ ఇంట్లో తద్దినాలు పెట్టరా?", "దమ్ముంటే వేరే మతాల గురించి రాయండి". ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబిచ్చాను. అర్ధరాత్రి లేచి కామెంట్లు చూసుకుంటుంటే మా ఆవిడ ఫోను దాచేసింది. బీపీ సంగతి అడక్కండి.

2025 సెప్టెంబరు 7 రాత్రి డాబా మీద మనవరాలికి ఎర్రటి చంద్రుణ్ణి చూపించాను. పదకొండు నుంచి పన్నెండుంపావు దాటేదాకా అలాగే ఉన్నాడు. ఎందుకు ఎర్రబడ్డాడని అది అడిగిన ప్రశ్నలన్నీ రాసిపెట్టుకున్నాను, వాటితోనే మళ్ళీ మొదలుపెడదామని. కామెంట్లు మూసేయడం నాకిష్టం లేదు. మరి వాదనకి ఎక్కడ దిగాలి?

కీబోర్డు కిట్టయ్య:
ఎక్కడా దిగొద్దు సార్. రాసి పడేసి వాకింగుకి వెళ్ళిపోండి.

పీహెచ్‌సీ నర్సు:
కిట్టయ్య గారి మాట రోకలి వరకూ సరే. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, గ్రహణం విడిచాక పళ్ళెం కడిగి లోపల పెట్టేసుకుంటారు. గర్భిణుల సంగతి అలా కాదు మాస్టారూ. ఎనిమిదో నెల పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, విడిచేదాకా కదలొద్దంటారు. మంచినీళ్ళు కూడా ఇవ్వరు. కత్తి ముట్టుకుంటే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందని భయం. బిడ్డ పెదవి కలిసేది కడుపు పడిన మొదటి రెండు నెలల్లోనే. ఎనిమిదో నెలలో వంకాయ తరిగితే అదెలా చీలుతుంది? అలాంటి కామెంటొస్తే మాత్రం తప్పకుండా జవాబివ్వండి. వాదించేది ఏ మామగారో కావచ్చు, చదివేది ఆ కోడలు. అత్తగారికి చూపించడానికి ఆమెకేదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

పంచాంగం వారబ్బాయి:
నేను పట్టుస్నానం, విడుపుస్నానం రెండూ చేసే మనిషిని, ముందే చెప్తున్నా. మీ రోకలి పోస్టు అప్పట్లో చదివాను. "మా రోకలి మామూలు రోజున నిలబడలేదు" అని ఎవరైనా రాశారా? రాస్తే అతనితో మాట్లాడండి. రోకలి అడుగున ఉండే ఇనప పొన్ను అరిగి ఒక పక్కకి వాలిందేమో, ఫొటో అడగండి. చేసి చూసినవాడితో మాట్లాడితే మాట ముందుకు సాగుతుంది. తద్దినాల వాడికి మీ జవాబుతో పనిలేదు.

ఇంకోటి. పంచాంగంలో గ్రహణం పట్టు, విడుపు సమయాలు వేసేది లెక్కతోనే. అక్కణ్ణించి ఎత్తుకుంటే మాబోటివాళ్ళు సగం మంది చివరిదాకా చదువుతారు. పిచ్చోళ్ళని మీరు అనకపోయినా, ఆ ఫొటో చూడగానే మాకు అలాగే తగిలింది.

రంగాపూర్ దగ్గరి పెద్దాయన:
1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా మీదుగానే పోయింది. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో సైంటిస్టులు టెలిస్కోపులు పెట్టుకుని చూస్తున్నారు. కూతవేటు దూరంలో మమ్మల్ని గదిలో పెట్టి తలుపులేశారు. కిటికీ సందులకి కూడా గుడ్డలు కుక్కారు. చూస్తే కళ్ళు పోతాయన్న భయం ఉత్తదేం కాదు లెండి. కానీ అట్టముక్కకి చిల్లు పెట్టి సూర్యబింబాన్ని గోడ మీద చూడొచ్చని చెప్పినవాడు ఒక్కడూ లేడు. మీరు వాదించకపోయినా పర్లేదు, గ్రహణానికి వారం ముందే ఇలాంటివి రాయండి. తర్వాత రాస్తే మిగిలేది తగాదానే.

బొబ్బిలి మాస్టారు:
పెద్దాయన గారి వారం ముందు మాట నాకెప్పుడూ తట్టలేదు, అలాగే చేస్తాను. పంచాంగం వారూ, పొన్ను సంగతి బాగా పట్టారు, ఫొటో అడుగుతాను. మతం మీదికి పోయే కామెంట్లు ఉంటే ఉంటాయి, నేను మాత్రం పలకను. నర్సమ్మా, ఆ వెల్లకిలా పడుకోబెట్టడం గురించి ఇంకాస్త రాసిస్తారా? మనవరాలి ప్రశ్నలు తర్వాత చూసుకుంటాను, ముందు అది పెడతాను.

పీహెచ్‌సీ నర్సు:
రాస్తాను సార్. నెలలు నిండినవాళ్ళు వెల్లకిలా ఎక్కువసేపు ఉంటే కడుపు బరువుకి పెద్ద రక్తనాళం నొక్కుకుపోయి కళ్ళు తిరుగుతాయి, పక్కకి తిరిగి పడుకోవాలి. మిగతాది ఆదివారం. పేరు మాత్రం వేయకండి, మా అత్తగారు కూడా మీ బ్లాగు చదివేవారు.