విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో పెద్ద గేములు ఆడగలమా?

అడిగింది: విజయనగరం, బీటెక్ రెండో ఏడాది

అందరికీ నమస్కారం. మా బావ కొత్త లాప్‌టాప్ కొనుక్కుని పాతది నాకిచ్చారు. ఇంటెల్ ఐ5 1135జీ7, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. స్టిక్కర్ మీద గ్రాఫిక్స్ ఐరిస్ ఎక్స్‌ఈ అని ఉంది. లోపల చూస్తే దానికంటే తక్కువ రకమైన యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తోంది. బావని షాపువాళ్లు మోసం చేశారేమోనని టెన్షన్‌గా ఉంది. జీటీఏ 5 పెడితే కారు మలుపు తిరిగేసరికి బొమ్మ ఆగి ఆగి వస్తోంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077 కూడా ఆడాలని ఉంది. ఫ్రెండ్స్ ఇది అమ్మేసి గేమింగ్ లాప్‌టాప్ కొనుక్కోమంటున్నారు. ఈమధ్యే చెల్లి ఫీజు కట్టిన నాన్నని అడగడానికి నాకు మనసు రావడం లేదు. దీంతో ఏమైనా అవుతుందా?

జవాబు: శ్రీకాకుళం, లాప్‌టాప్ రిపేరు పని

తమ్ముడూ, బావగారిని ఎవరూ మోసం చెయ్యలేదు. ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కు. కింద స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది, అంటే ర్యామ్ పెట్టే చోట్లలో ఎన్ని నిండాయో అని. అక్కడ రెండింట్లో ఒకటి అని ఉంటే నీ జబ్బు అదే.

నీ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్, అంటే తెర మీద బొమ్మ గీసే భాగం, ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 రకం, 3200 వేగం ర్యామ్ ఒక్క స్టిక్ (పట్టీ) ఉంటే సెకనుకు 25.6 జీబీ డేటా నడుస్తుంది, రెండుంటే 51.2 జీబీ. తోటపల్లి కాలవకి ఒక షట్టరు ఎత్తితే వచ్చే నీరు వేరు, రెండూ ఎత్తితే వచ్చే నీరు వేరు కదా. ఒక్క స్టిక్కే ఉన్నప్పుడు ఐరిస్ ఎక్స్‌ఈ పేరు పోయి యూహెచ్‌డీ అని కనబడుతుంది. రెండోది పెట్టగానే పేరు దానంతటదే మారుతుంది. ఈ పేరు చూసి కంగారుపడి నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

కాబట్టి లాప్‌టాప్ అమ్మొద్దు. ఇంకో 8 జీబీ స్టిక్ కొను. డీడీఆర్4, 3200, లాప్‌టాప్‌కి వేసే పొట్టి రకం అని అడుగు. ఈమధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, రెండు మూడు షాపుల్లో కనుక్కుని తీసుకో.

ఇక గేముల సంగతి. జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015లో. రిజల్యూషన్ 1280 బై 720 పెట్టి, గ్రాస్ (గడ్డి) క్వాలిటీ నార్మల్‌లో ఉంచి, బొమ్మల అంచులు నునుపు చేసే ఎంఎస్ఏఏ ఆపేస్తే హాయిగా ఆడుకుంటావు. వాలొరెంట్ లాంటి తేలిక గేముకి ఇబ్బందే లేదు. రెడ్ డెడ్ 2కి కంపెనీ చెప్పిన కనీస కార్డు 2 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 770, పైగా 150 జీబీ జాగా కావాలి. సెట్టింగులన్నీ తక్కువలో పెట్టినా సెకనుకు 30 ఫ్రేముల (బొమ్మల) దగ్గరే ఊగుతుంది. కథ కోసం ఆడేవాడివైతే ఓర్చుకోవచ్చు. అయితే రోజుకి 2 జీబీ మొబైల్ డేటా మీద దించితే 75 రోజులు పడుతుంది, వైఫై ఉన్నచోట దించుకో. సైబర్‌పంక్ మీద ఆశ వదులుకో. దానికి ఇప్పుడు కనీసం 6 జీబీ జీటీఎక్స్ 1060, 12 జీబీ ర్యామ్ అడుగుతున్నారు.

ఇంకో ప్రశ్న: రాజాం

అన్నా, విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక నంబరు మారిస్తే 128 ఎంబీ వీడియో మెమరీ 2 జీబీ అవుతుందని వీడియోల్లో చెప్తున్నారు. ఖర్చు లేకుండా అదే చెయ్యొచ్చు కదా?

జవాబు: శ్రీకాకుళం

చెయ్యొచ్చు, కనబడే అంకె మారుతుంది. అంతే, వేగం మారదు. ఈ గ్రాఫిక్స్ అవసరాన్ని బట్టి ర్యామ్‌లో సుమారు సగం దాకా ఎలాగూ తీసుకుంటుంది. కాస్త ఎక్కువ చూపిస్తే కొన్ని పాత గేములు తెరుచుకుంటాయి, అంతకుమించి లాభం లేదు.

అడిగింది: విజయనగరం

అన్నా, మీరు చెప్పినట్టే రెండింట్లో ఒకటి అని ఉంది! స్టిక్ నేనే పెట్టుకోవచ్చా?

జవాబు: శ్రీకాకుళం

వారంటీ అయిపోయి ఉంటే పెట్టుకోవచ్చు. షట్‌డౌన్ చేసి చార్జర్ తీసెయ్. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, విప్పిన ప్రతి స్క్రూని బొమ్మలో దాని చోటే గుచ్చి పెట్టు. స్క్రూల్లో పొట్టివీ పొడుగువీ ఉంటాయి. ఒకబ్బాయి పొట్టిదాని చోట పొడుగుది బిగించేశాడు, దాని మొన కీబోర్డు పక్కన పైకి పొడుచుకొచ్చింది. పాపం, పైభాగం మొత్తం మార్చాల్సొచ్చింది. మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఇది మాత్రం మర్చిపోకు. స్టిక్ ఏటవాలుగా దోపి, దాని అంచున ఉన్న పసుపు గీతలు దాదాపు కనబడకుండా పోయాక కిందికి నొక్కు. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి.

ఆడేటప్పుడు చార్జర్ పెట్టే ఆడు, బ్యాటరీ మీద వేగం తగ్గుతుంది. పరుపు మీద అస్సలు పెట్టొద్దు. మన ఉక్కపోతకి గాలి అందకపోతే పావుగంటలో వేడెక్కి దానంతటదే నెమ్మదిస్తుంది.

ఇంకో ప్రశ్న: బొబ్బిలి, ఇంటర్ చదివే బాబు తల్లి

మా బాబుకి వచ్చే ఏడాది లాప్‌టాప్ కొనాలి. గేములు కూడా ఆడతాడట. ఏం చూసుకోవాలండీ?

జవాబు: శ్రీకాకుళం

అక్కా, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే తీసుకోండి, తర్వాత వేయించడం కుదరదు. కార్డు మెమరీ కనీసం 6 జీబీ ఉండాలి. కొత్త గేముల్లో కొన్నింటికి రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఉన్న కార్డు లేకపోతే గేమే మొదలవదు. ఆ పైన కార్డుకి ఎన్ని వాట్లో తప్పకుండా అడగండి, దాన్ని బట్టి వేగం మారుతుంది. ఆర్‌టీఎక్స్ 4050 అని ఒకటే పేరు ఉంటుంది, కొన్నింట్లో 35 వాట్లకే పనిచేస్తుంది, కొన్నింట్లో 115 దాకా వెళ్తుంది. షాపులో ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

అడిగింది: విజయనగరం

అన్నా, గంటస్తంభం దగ్గర స్టిక్ కొని రాత్రే పెట్టాను. ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది, గుండె ఆగినంత పనైంది. దాదాపు నిమిషం తర్వాత వెలిగింది. ఇప్పుడు ఐరిస్ ఎక్స్‌ఈ అని చూపిస్తోంది! జీటీఏలో మలుపులు కూడా సాఫీగా వస్తున్నాయి. అలా నల్లగా ఉండటం ప్రమాదమా?

జవాబు: శ్రీకాకుళం

చాలా సంతోషం తమ్ముడూ. ప్రమాదం కాదు, కొత్త ర్యామ్ వేసినప్పుడు మొదటిసారి దాన్ని పరీక్షించుకోవడానికి అంత టైమ్ తీసుకుంటుంది. రేపటి నుంచీ మామూలుగానే వెలుగుతుంది. ప్రతిసారీ అలాగే అయితే స్టిక్ తీసి మళ్లీ దోపు, ఒక క్లిప్పు సరిగ్గా పడి ఉండకపోవచ్చు.