నిద్రలేమికి హిప్నాసిస్‌తో మొదలుపెట్టటం సరైనదేనా?

అరండల్‌పేట 4వ లైను:
"మాత్రల్లేకుండా నిద్ర, పది సిట్టింగులు చాలు" అంటూ విజయవాడలోనూ గుంటూరులోనూ హిప్నాసిస్ ప్యాకేజీలు అమ్ముతున్నారు. నా వాదన సూటిగా చెప్తాను. వారానికి మూడు రాత్రులకి తగ్గకుండా, మూడు నెలలుగా నిద్ర చెడిన మనిషికి ముందు ఇవ్వాల్సింది సీబీటీ-ఐ, అంటే నిద్రలేమి కోసమే తయారైన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే దాన్ని మొదటి చికిత్సగా చెప్పింది. హిప్నాసిస్‌కి ఆ స్థాయి సిఫార్సు దక్కలేదు.

నిద్ర రాదన్న భయంతో మనిషి తొమ్మిదింటికే మంచం ఎక్కి ఆరింటిదాకా దొర్లుతాడు. తొమ్మిది గంటల్లో పట్టేది ఐదున్నర, అంటే 61 శాతం. సీబీటీ-ఐ ఇక్కడ కోసేది మంచం మీద ఉండే సమయాన్ని. లేచేది ఆరింటికే, పడుకునేది మాత్రం పన్నెండున్నరకి. పగటి కునుకు బంద్. వారం సగటు 85 శాతం దాటితే పడుకునే వేళని 15 నిమిషాలు పెందలాడే చేస్తారు. మామూలుగా ఐదు గంటలకన్నా కిందికి కొయ్యరు. ఆర్థర్ స్పీల్‌మన్ బృందం 1987లో ప్రచురించిన పద్ధతే దీనికి మూలం. హిప్నాసిస్ ఈ లెక్క జోలికే పోదు. తొమ్మిది గంటలు మంచం మీదే ఉంచి చెవిలో ఎంత మెత్తగా చెప్పినా, అదే ఐదున్నర గంటల నిద్ర పల్చగా పరుచుకుంటుంది.

గవర్నరుపేట గడియారం:
మీ లెక్క ఒప్పే గానీ అది అందరికీ పనికిరాదు. నిద్ర కోసే పద్ధతిలో మొదటి రెండు వారాలు పగలు విపరీతమైన మత్తు ఉంటుంది. లారీ డ్రైవరుకి, విజయవాడ జంక్షన్‌లో డ్యూటీ ఎక్కే లోకోపైలట్‌కి అది ప్రాణాల మీదికి వస్తుంది. బైపోలార్ ఉన్నవాళ్ళకి నిద్ర కోస్తే ఉన్మాదం తిరగబెట్టొచ్చు, మూర్ఛ ఉన్నవాళ్ళకి ఫిట్స్ రావచ్చు. వీళ్ళకి ముందు ఏమిస్తారు?

ఆధారాలు లేవనటం కూడా తప్పు. జ్యూరిక్‌లో మారెన్ కోర్డి, బ్యోర్న్ రాష్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో, సజెషన్‌కి, అంటే హిప్నాసిస్‌లో చెప్పే మాటకి, బాగా స్పందించే స్త్రీలకి గాఢనిద్ర సుమారు 80 శాతం పెరిగింది. వాళ్ళ మాట మీద కాదు, మెదడు తరంగాలు చూపే ఈఈజీ పెట్టి కొలిచారు.

అసలు ఇక్కడ చాలామందికి పని చెయ్యకపోవటానికి కారణం రికార్డింగులు. పగటిపూట సిట్టింగు కోసం చేసిన ఆడియో చివర్లో "ఐదు లెక్కపెడతాను, కళ్ళు తెరవండి" అని ఉంటుంది. రాత్రి అదే పెట్టుకుంటే అప్పుడే వచ్చిన కునుకు కాస్తా పోతుంది. యూట్యూబులో పెడితే మధ్యలో ప్రకటన గట్టిగా మోగుతుంది. రాత్రి ఆడియో 15 నిమిషాలకి మించకూడదు, గొంతు క్రమంగా తగ్గుతూ ఆగిపోవాలి, లేపే భాగం ఉండకూడదు. "మీకు నిద్ర వచ్చేస్తోంది" అని ఒక్కసారి కూడా అనకూడదు. ఆ మాట వినగానే మనిషి వచ్చిందా లేదా అని చూసుకోవటం మొదలుపెడతాడు. "ఊపిరి వదిలినప్పుడల్లా భుజాలు పరుపు మీద ఇంకొంచెం బరువుగా వాలుతున్నాయి" అంటే చాలు.

అరండల్‌పేట 4వ లైను:
ఆ ప్రయోగంలో పాల్గొన్నది నిద్రలేమి రోగులు కాదండీ. ఆరోగ్యంగా ఉన్న యువతులు, అదీ మధ్యాహ్నం 90 నిమిషాల కునుకులో. సజెషన్‌కి తక్కువగా స్పందించేవాళ్ళకి ఆ లాభం కనపడలేదు. 2018లో వచ్చిన సమీక్షలో 24 అధ్యయనాలు చూస్తే 14లో మేలు కనిపించింది. పర్వాలేదు, కానీ వాటిలో చాలావాటికి నిద్ర అసలు లక్ష్యమే కాదు.

సజెషన్‌కి మనిషి ఎంత స్పందిస్తాడో కొలిచే స్టాన్‌ఫోర్డ్ స్కేల్ ఫారం సి లో 12 అంశాలుంటాయి. చెయ్యి బరువెక్కటం, లేని దోమ చప్పుడు వినపడటం వంటివి. పది సిట్టింగుల డబ్బు కట్టించుకునే ముందు ఇలాంటి పరీక్ష ఒక్కటి ఎందుకు పెట్టరు? మూడు అంశాలకి కూడా స్పందించని మనిషికి మిగతా తొమ్మిది సిట్టింగులు దేనికి?

కొత్తపేట మందుల షాపు:
మీరిద్దరూ అసలు ప్రమాదం వదిలేశారు. "సిట్టింగు అయ్యాక మాత్రలు పారెయ్యండి" అని చెప్పేవాళ్ళున్నారు. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే నిద్ర ముందున్నదానికంటే ఘోరంగా చెడుతుంది, వణుకు వస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. 0.5 మి.గ్రా. నుంచి 0.25కి దించటమే ఒక్కసారిగా సగం కొయ్యటం. డాక్టరు పర్యవేక్షణలో వారాల మీద కొద్దికొద్దిగా దించాల్సిన మందులివి. ఆల్ప్రజోలామ్‌ని షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో పెట్టి, షాపులో అమ్మకాలకి రిజిస్టరు రాయిస్తున్నది ఊరికే కాదు. మాత్ర మానేసిన రాత్రి వచ్చే ఆ తిరుగుబాటు నిద్రలేమి చూసి "ఇంకో ఐదు సిట్టింగులు కావాలి" అంటారు. దయచేసి ఆ ఉచ్చులో పడకండి.

ఇంకోటి. గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేచే మనిషికి, బీపీ కూడా ఉంటే, ముందు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష, కావాలి. మూసుకుపోయే గొంతు సజెషన్‌తో తెరుచుకోదు. పడుకోగానే కాళ్ళు లాగి కదిలించకుండా ఉండలేకపోతే ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఐరన్ తక్కువైతే మందు అక్కడుంది.

రోహిణి కార్తె:
ఇక్కడి ఎండల సంగతి కూడా చూడాలి. చాలా స్క్రిప్టుల్లో "చేతులు వెచ్చబడుతున్నాయి, ఒళ్ళంతా వెచ్చదనం" అని ఉంటుంది. చలిదేశాల్లో రాసినవి. మే నెలలో ఏసీ లేని గదిలో, కరెంటు పోయిన రాత్రి ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. చల్లదనం వాడండి. వాన వెలిశాక డాబా మీద గాలి, తడి గచ్చు మీద అరికాళ్ళు.

ఇది నేను కల్పించిన సర్దుబాటు కాదు. ముట్లు ఆగిన స్త్రీలకి వచ్చే వేడి ఆవిర్ల మీద టెక్సస్ బేలర్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఎల్కిన్స్ చేసిన 2013 అధ్యయనం చల్లని దృశ్యాలతోనే సాగింది. 187 మంది స్త్రీలు, హిప్నాసిస్ జట్టుకి వారానికొకటి చొప్పున 5 సిట్టింగులు. 12 వారాలకి ఆ జట్టులో ఆవిర్లు 74 శాతం తగ్గాయి, నిద్ర కూడా మెరుగుపడింది. రాత్రి చెమటలతో లేచే యాభయ్యేళ్ళ ఆవిడకి హిప్నాసిస్ ముందే ఇవ్వొచ్చని నేనంటాను.

అరండల్‌పేట 4వ లైను:
ఆ ఒక్క చోట ఒప్పుకుంటాను. మిగతావాళ్ళకి మాత్రం ముందు రెండు వారాల నిద్ర డైరీ. ఎన్నింటికి పడుకున్నారు, నిద్ర పట్టటానికి సుమారు ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు లేచారు, ఆఖరి కాఫీ ఎప్పుడు. గడియారం చూడకుండా పొద్దున్నే రాయాలి. పడుకోగానే ఆలోచనలు పరిగెత్తి గంట పోతుంటే సీబీటీ-ఐకి తోడుగా హిప్నాసిస్ కూడా పెట్టుకోండి. మూడింటికే మెలకువ వచ్చేస్తుంటే మంచం సమయం కోయండి. చికిత్స చేసే మనిషిని ఎంచుకునేటప్పుడు సైకియాట్రిస్టు గానీ, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు గానీ అయ్యుండాలి. నంబరు అడగటానికి మొహమాటపడొద్దు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి.

గవర్నరుపేట గడియారం:
తోడుగా పెట్టుకోమంటున్నారు గానీ ఆ రెండూ ఒకచోట ఢీకొంటాయి. సుమారు 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగమంటుంది సీబీటీ-ఐ. 15 నిమిషాల ఆడియో మంచం మీద వింటే ఆ గడువు అక్కడే అయిపోతుంది.

అరండల్‌పేట 4వ లైను:
అందుకే ఆడియో కుర్చీలో వినాలి. పన్నెండున్నరకి పడుకోవాల్సిన మనిషి పన్నెండుంబావుకి లైటు తగ్గించి కూర్చుంటాడు. అయ్యాక రెప్పలు బరువెక్కితే మంచం ఎక్కుతాడు, లేకపోతే కుర్చీలోనే ఇంకాసేపు ఉంటాడు. మధ్యరాత్రి మెలకువ వచ్చినా మళ్ళీ కుర్చీకే.

గవర్నరుపేట గడియారం:
మోకాళ్ళ నొప్పులతో పదేపదే లేవలేని పెద్దవాళ్ళకి ఇది కుదరదు. వాళ్ళని మంచం మీదే విననివ్వాలి. మీరు ఒప్పుకోకపోయినా ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.