నవల చిత్తుప్రతి పూర్తయింది, కానీ మొదటి అధ్యాయం దాటి దిద్దలేకపోతున్నాను

ప్రశ్న:
రెండేళ్లు పట్టింది నా మొదటి నవల చిత్తుప్రతికి. 31 అధ్యాయాలు, దాదాపు 90,000 పదాలు. దిద్దుదామని కూర్చుని నాలుగు నెలలైంది, ఇప్పటికి మొదటి అధ్యాయాన్నే పదకొండు సార్లు తిరగరాశాను. ఇరవయ్యో అధ్యాయం తర్వాత ఏం రాశానో ఒక్కసారి కూడా చదవలేదు. ఫైల్ తెరవగానే మొదటి వాక్యం కనిపిస్తుంది, అక్కడో మాట మారుస్తాను, ఇక ఆ పూట అంతే. కథ ఇద్దరు అక్కచెల్లెళ్లది. ఇల్లు విడిచి వెళ్లిన అక్క రాసే ఉత్తరాల చుట్టూ నడుస్తుంది. మధ్యలో బిగి సడలిందని తెలుస్తోంది, ఎక్కడో దొరకడం లేదు. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

జవాబు 1:
నేనూ ఏడాది పాటు అక్కడే ఇరుక్కున్నానండి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వాక్యాల జోలికి వెళ్లకండి. ఇవాళ ఎంతో కష్టపడి చెక్కిన వాక్యం ఉందంటే, రేపు ఆ సీన్ అక్కర్లేదని తెలిసినా తీసేయడానికి చెయ్యి రాదు. ఓ ఆరు వారాలు ఫైల్ ముట్టుకోకుండా ఉండి, ఆ తర్వాత ప్రింట్ తీసి, పెన్ను లేకుండా మూడు నాలుగు రోజుల్లో చివరిదాకా చదవండి. బోర్ కొట్టిన చోట పేజీ మూల మడవండి, చాలు.

తర్వాత సీన్ల పట్టిక వేయండి. ఒక్కో సీన్‌కి రెండు గడులు: ఎవరికి ఏం కావాలి, సీన్ అయ్యేసరికి ఏం మారింది. నా నవలలో 74 సీన్లుంటే తొమ్మిదింటికి రెండో గడి ఖాళీగా మిగిలింది. నేను మూల మడిచిన పేజీలు చాలావరకు అవే. వాటిలో ఒకటి నాకు ప్రాణం: గొడవపడిన తండ్రీకొడుకులు మర్నాడు మాట్లాడుకునే సీన్. రెండు రోజులు తటపటాయించి తీసేశాను. వాళ్లు రాజీపడ్డారో లేదో తెలియకుండానే కథ ముందుకు సాగడంతో గొడవకి బలం పెరిగింది.

వాక్యాలు చివరికి. పైకి చదవండి, నాలుక తడబడిన చోట గుర్తు పెట్టుకోండి. చేతికి అలవాటైపోయిన మాటలు కూడా అప్పుడే బయటపడతాయి. నాది నిట్టూర్పు. మన క్రియల చివర మారిపోతుంటుంది కదా, పూర్తి మాట ఇచ్చి వెతికితే అన్నీ దొరకవు. 'నిట్టూ' వరకే ఇచ్చి వెతికితే 63 వచ్చాయి. ఒక చోట ఇలా ఉండేది:

"శారద భారంగా నిట్టూర్చింది. గుండె పగిలిపోతున్నా కన్నీళ్లు ఆపుకుంటూ ఉత్తరం మడిచింది."

ఇప్పుడిలా ఉంది:

"శారద ఉత్తరం మడిచింది. అంచులు కలవలేదని విప్పి మళ్లీ మడిచింది."

జవాబు 2:
పై జవాబుకి ఒకటి కలుపుతాను. మీది ఉత్తరాల కథ కాబట్టి ఒక క్యాలెండర్ దగ్గర పెట్టుకుని ప్రతి ఉత్తరం తేదీ, అప్పటికి ఇద్దరి వయసులు రాసుకోండి. నా కథలో ఆరో అధ్యాయంలో మూడో నెల గర్భిణికి, కథలో ఏడాది గడిచినా కాన్పు కాలేదు. నలుగురు చదివాక ఐదో మనిషి పట్టుకున్నారు. మర్యాదలూ చూసుకోండి. ఒకే మనిషి ఒక అధ్యాయంలో 'వచ్చింది', ఇంకో దాంట్లో 'వచ్చారు' అయిపోతుంటారు. ఇద్దరు ఆడవాళ్లున్న సీన్‌లో 'తను' అంటే ఎవరో కూడా.

జవాబు 3:
ఆరు వారాలు అందరికీ కుదరదు. నాకు పదిహేను రోజులు దాటితే కథ చల్లారిపోతుంది. చదివిపెట్టేవాళ్లకి ఇచ్చేటప్పుడు 'ఎలా ఉంది' అని మాత్రం అడగకండి, మొహమాటానికి బాగుందంటారు. 'ఎక్కడ పక్కన పెట్టేశారు' అని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండీ. నాలుగు నెలలుగా మొదటి అధ్యాయంలోనే ఉన్నాను కాబట్టి మిగతాది ఎలాగూ చల్లారే ఉందనిపించి, ఆగకుండా ప్రింట్ తీసి చదివేశాను. 14 నుంచి 17 దాకా మూలలన్నీ మడతలే. ఆ నాలుగు అధ్యాయాల్లోనూ చెల్లెలు ఉత్తరం చదువుతుంది, బాధపడుతుంది, దాచిపెడుతుంది. ఒక్కదానికీ జవాబు రాయదు. పదిహేనో అధ్యాయంలో ఆమె చేత జవాబు రాయిస్తున్నాను. పాత నాలుగూ వేరే ఫైల్‌లో దాచాను.