నారోబోట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను, పొద్దున్నకల్లా బ్యాటరీలు దిగిపోతున్నాయి, సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చాను. లండన్ చుట్టుపక్కల అద్దెలు చూసి భయమేసి, 57 అడుగుల పాత నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి పొడుగు ఇంటి పడవ) కొనుక్కుని గ్రాండ్ యూనియన్ కెనాల్ మీద ఉంటున్నాను. వేసవంతా హాయిగా గడిచింది. నవంబరు వచ్చేసరికి కరెంటుతో అవస్థ మొదలైంది. బోటులో 110 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు, పైకప్పు మీద 300 వాట్ల సోలార్, 1600 వాట్ల ఇన్వర్టర్ ఉన్నాయి. రోజూ సాయంత్రం గంటసేపు ఇంజిన్ వేస్తాను. అయినా పొద్దున్న లేచేసరికి మీటరు 11.8 వోల్టులు చూపిస్తోంది, ఫ్రిజ్ ఆగిపోతోంది. మిక్సీ వేస్తే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోతుంది. పక్క బోటాయన అన్నీ తీసేసి లిథియం పెట్టించుకోమంటున్నారు. ఇంట్లో అమ్మకి ఇవన్నీ చెప్తే టెన్షన్ పడుతుంది. ఇక్కడ ఎవరైనా బోటు మీద ఉన్నవాళ్ళుంటే దారి చెప్పండి.

మిల్టన్ కీన్స్ నుంచి జవాబు:

చెల్లెమ్మా, కొత్త బ్యాటరీల మాట తర్వాత. ముందు రోజుకి ఎంత ఖర్చవుతోంది, ఎంత జమ అవుతోంది చూద్దాం.

12 వోల్టుల ఫ్రిజ్ రోజుకి సుమారు 40 ఆంపియర్ అవర్లు తింటుంది. మీరు ఇంటి నుంచే పని చేస్తున్నారనుకుంటే, 60 వాట్ల లాప్‌టాప్ ఎనిమిది గంటలు నడిస్తే ఇన్వర్టర్ నష్టంతో కలిపి ఇంకో 45. రాత్రీ పగలూ వెలిగే రౌటర్ 24 దాకా. ఇన్వర్టర్‌ని ఆపకుండా వదిలేస్తే, దానికి ఏమీ తగిలించకపోయినా గంటకి ఒక ఆంపియర్ చొప్పున మరో 24. లైట్లు, నీళ్ళ పంపు కలిపి 15. మొత్తం 150 దగ్గర తేలుతుంది.

ఇక జమ. ఇంగ్లండ్ డిసెంబరులో బల్లపరుపుగా పెట్టిన 300 వాట్ల ప్యానెల్ నుంచి సగటున రోజుకి పది, పదిహేను ఆంపియర్ అవర్లు వస్తే గొప్ప. వేసవిలో మిమ్మల్ని పోషించింది సోలారే, అందుకే అప్పుడు లోటు బయటపడలేదు. గంట ఇంజిన్‌తో మహా అయితే 50 వస్తాయి. అంటే రోజూ 85 దాకా అప్పు పడుతోంది. మూడు రోజులు అలా గడిస్తే ఎంత మంచి బ్యాటరీ అయినా చేతులెత్తేస్తుంది.

లెడ్ యాసిడ్‌తో ఇంకో చిక్కు ఉంది. లోడు లేకుండా కొన్ని గంటలు ఊరుకోనిస్తే నిండు బ్యాటరీ 12.7 వోల్టులు చూపిస్తుంది, సగానికి వస్తే 12.2. సగం కంటే కిందకి మాటిమాటికీ దింపితే ఆయుష్షు తగ్గిపోతుంది. మీ 11.8 ఫ్రిజ్ నడుస్తుండగా తీసుకున్న రీడింగ్ అయినా సరే, మంచి సూచన కాదు. పైగా 80 శాతం వరకూ చకచకా ఎక్కే చార్జింగ్, ఆఖరి 20 శాతానికి గంటలకు గంటలు తీసుకుంటుంది. ఆ ఆఖరి భాగం ఎప్పుడూ నిండకపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీలో పట్టే శక్తే తగ్గిపోతుంది. స్టిక్కర్ మీద నాలుగూ కలిపి 440 అని ఉన్నా, ఇప్పుడు అందులో సగం కూడా మిగలకపోయి ఉండొచ్చు. రోజూ గంట ఇంజిన్ వేస్తూ చాలామంది ఇలాగే బ్యాటరీలు పాడుచేసుకుంటారు, కారణం మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు చేయాల్సిన మొదటి పని షంట్‌తో (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని కొలిచే ముక్క) పనిచేసే బ్యాటరీ మానిటర్ పెట్టించుకోవడం. ఎంత వెళ్ళింది, ఎంత వచ్చింది ఆంపియర్ అవర్లలో చూపిస్తుంది. ఉత్త వోల్టు మీటరు నమ్ముకుని బోటు మీద ఉండటం కష్టం. తర్వాత, పడుకునేముందు ఇన్వర్టర్ ఆపేయండి. లాప్‌టాప్‌ని కారులో వాడే 12 వోల్టుల యూఎస్‌బీ-సీ చార్జర్‌తో నడపండి. రౌటర్‌ని కూడా నేరుగా 12 వోల్టుల మీద నడపొచ్చు, కాకపోతే చార్జింగ్ సమయంలో బ్యాటరీ వోల్టేజి 14 దాటుతుంది కాబట్టి మధ్యలో రెగ్యులేటర్ ఉండాలి. ఈ మూడింటితోనే ముప్పై, నలభై ఆంపియర్ అవర్లు మిగులుతాయి.

మిక్సీ సంగతి వేరు. 750 వాట్ల మోటారు బ్యాటరీ నుంచి 70 ఆంపియర్ల దాకా లాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో అంతకు చాలా రెట్లు. బలహీనపడ్డ బ్యాటరీ ఆ దెబ్బకి వోల్టేజి పడిపోతుంది, ఇన్వర్టర్ అరుస్తుంది. అయితే రెండు నిమిషాలు పచ్చడి తిప్పితే ఖర్చయ్యేది రెండు మూడు ఆంపియర్ అవర్లే. మీ రౌటర్ ఒక్క రాత్రిలో తినేదానికంటే తక్కువ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మిక్సీ వేసుకోండి, సరిపోతుంది. అన్నం మాత్రం గ్యాస్ మీద కుక్కర్‌లోనే వండుకోండి, కరెంటు కుక్కర్ అరగంట పాటు అదే స్థాయిలో లాగుతూనే ఉంటుంది.

లిథియం మంచిదే. 80 శాతం పైగా వాడుకోవచ్చు, రోజూ పూర్తిగా నింపాల్సిన పనీ లేదు. కానీ సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని చార్జ్ చేయకూడదు. ఇచ్చినంత కరెంటూ గుంజుకుంటుంది కాబట్టి ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) వేడెక్కి కాలిపోకుండా మధ్యలో డీసీ-డీసీ చార్జర్ కావాలి. పాతవి తీసి కొత్తవి అదే వైర్లకి తగిలిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రోజువారీ లెక్క తెలిశాక, వసంతంలో తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు.

లీడ్స్ నుంచి జవాబు:

అన్నయ్య చెప్పినవి కాకుండా నేను రెండు విషయాలు గట్టిగా చెప్తాను, ఒంటరిగా ఉంటున్నావు కాబట్టి.

బ్యాటరీల పెట్టె తెరిచే ముందు గాజులు, ఉంగరాలు, గొలుసు అన్నీ తీసి పక్కన పెట్టు. 12 వోల్టులు షాక్ కొట్టవు కదా అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. టెర్మినళ్ళ మధ్య బంగారు గాజు పడితే వందల ఆంపియర్లు దాని గుండానే పోతాయి, చెయ్యి కాలిపోతుంది. చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ కూడా వస్తుంది, గాలి ఆడే దారి మూయకు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం నువ్వు పడుకునే చోట కూడా ఉండాలి. బోట్ల భద్రతా తనిఖీలు చూసే బోట్ సేఫ్టీ స్కీమ్, బోటులో ఈ అలారం ఉండటాన్ని 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. పడుకునేముందు బొగ్గు స్టవ్ తలుపు సరిగ్గా మూసుందో లేదో చూసుకో. చలికని గాలి రంధ్రాల్లో గుడ్డలు కుక్కొద్దు. గ్యాస్ సిలిండర్ బ్యూటేన్ అయితే ప్రొపేన్‌కి మార్చుకో. గడ్డకట్టే చలిలో బ్యూటేన్ ఆవిరి కాదు, వంట మధ్యలో మంట ఆరిపోతుంది.

రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది వరకూ, కట్టేసిన చోట కరెంటు కోసం ఇంజిన్ వేయకూడదన్నది లైసెన్స్ నిబంధన. సాయంత్రం ఆఫీసు మీటింగులుంటే మధ్యాహ్నమే వేసెయ్యి. నిబంధన ప్రకారం 14 రోజులకోసారి చోటు మారడానికి వెళ్ళేముందు, కాలువల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ నోటీసులు చూసుకో, చలికాలంలో మరమ్మతులకని లాకులు మూసేస్తారు. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవాళ్ళకి పద్ధతి కొత్తేమీ కాదు గానీ, ఇక్కడ గేటూ తూమూ మనమే తిప్పుకోవాలి. మంచు పట్టిన గట్టు మీద ఒక్కదానివే ఉన్నప్పుడు లైఫ్ జాకెట్ లేకుండా తాడు పట్టుకోకు. నా సలహా అయితే ఈ ఒక్క చలికాలానికి కరెంటున్న మెరీనాలో (బోట్లు కట్టేసుకునే రేవు) చోటు తీసుకో.

అడిగినామె:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఇన్వర్టర్ నిజంగానే రాత్రంతా ఆన్‌లోనే ఉంటోంది. మెరీనాలో ఫిబ్రవరి ఆఖరు దాకా చోటు దొరికింది, స్తంభానికి 16 ఆంపియర్ల నీలం సాకెట్ ఉంది. తగిలిస్తే చాలా, ఇంకేమైనా చూసుకోవాలా?

మిల్టన్ కీన్స్ నుంచి:

మంచి పని చేశారు. తగిలించేముందు గాల్వానిక్ ఐసొలేటర్ (ఎర్త్ తీగలో పారే సన్నటి కరెంటుని ఆపే పరికరం) ఉందో లేదో చూపించండి. తీరం కరెంటు ఎర్త్ తీగ మీ ఇనుప బోటునీ చుట్టుపక్కల బోట్లన్నిటినీ కలిపేస్తుంది. నీళ్ళలో అది సన్నటి కరెంటుగా పారి మీ ఆనోడ్లని (బోటు బదులు తాము అరిగిపోయేలా అడుగున బిగించే లోహపు దిమ్మలు), అవి అయిపోయాక బోటు అడుగు రేకుని తినేస్తుంది. మంచినీళ్ళ కాలువలో మెగ్నీషియం ఆనోడ్లు ఉండాలి. బోటు పాతదన్నారు కాబట్టి ఈసారి బయటికి లాగి తారు వేయించినప్పుడు అవి ఎంత మిగిలాయో చూడమనండి.

వైరు ముందు బోటుకి, తర్వాత స్తంభానికి. తీసేటప్పుడు స్తంభం వైపు ముందు. 16 ఆంపియర్లంటే సుమారు 3.6 కిలోవాట్లు. కెటిల్, హీటర్, చార్జర్ మూడూ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది. ఆర్‌సీడీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కి చూడండి, నొక్కినా పడకపోతే ఆ రోజు కరెంటు వాడకండి. 230 వోల్టుల వైపు పని మాత్రం బోట్ల ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, ఇళ్ళలో వైరింగ్ చేసేవాళ్ళకి ఈ ఎర్త్ సంగతులు అంతగా తెలియవు.

తగిలించాక రెండు రోజులు బ్యాటరీలని పూర్తిగా నిండనివ్వండి. తర్వాత చార్జర్ ఆపి, అన్నీ ఆఫ్ చేసి, ఒక్కో బ్యాటరీనీ విడదీసి రాత్రంతా వదిలేసి పొద్దున్న వోల్టేజి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే అదే మిగతా మూడింటినీ లాగేస్తోంది. ఆ నాలుగు అంకెలూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.